నడవయు గదులును
(తీరాంధ్ర రైతుల, వర్తకుల సభయందు మేము గావించిన ప్రసంగ పాఠము)



విశాఖపట్టణము మొదలు చెన్నపురి వరకు మన తీరము పొడవునను ఒక పారిశ్రామిక మార్గమును నిర్మించుటకు ప్రభుత్వములు పూనుకొని యున్నవి. దీనిని కొందరు కల్పవృక్షమని కొనియాడుచున్నారు. మరికొందరు రైతు నోటికాడి కూడు తీయవచ్చిన గండమని నిందించుచున్నారు. కల్పవృక్షమని మ్రొక్కుటయు, గండమని పారిపోవుటయు, రెండును మనకు దగవు. ఇది యెట్టి పని, దీని లాభనష్టము లెవ్వరికి జెందును, మనమేమి యడుగవలెను అను మూడు ప్రశ్నలను మీతో గలసి విచారించుటకే మేమీ వేదిక నెక్కితిమి.

మొదట సంగతులు చెప్పెదము. 2014వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టమునందలి పదమూడవ అనుబంధమున, ఈ మార్గపు సాధ్యాసాధ్యములను కేంద్రప్రభుత్వము పరిశీలింపవలెనని వ్రాయబడినది. కలకత్తా నుండి దక్షిణమునకు సాగవలసిన తూర్పుతీర ఆర్థికమార్గములో ఇది తొలి భాగము. పొడవు సుమారు 800 కిలోమీటర్లు. దీనిని ఒక రహదారి యని మాత్రమే యెంచరాదు. రహదారి, రైలుదారి, రేవులు, విద్యుత్తు, నీరు, కర్మాగారముల పేటలు, ఇవన్నియు నొక్క యోచనక్రింద గూర్చు ప్రయత్నమిది. విశాఖపట్టణము, కాకినాడ, గన్నవరము–కంకిపాడు, ఏర్పేడు–శ్రీకాళహస్తి అను నాలుగు కేంద్రములు మొదటి ప్రణాళికలో నిర్ణయింపబడినవి. 2016 సెప్టెంబరులో ఆసియా అభివృద్ధి బ్యాంకు దీనికై 63 కోట్ల 10 లక్షల డాలర్ల ఋణములను, విరాళములను ఆమోదించినది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము కడప జిల్లాలోని కొప్పర్తియందు రెండున్నరవేల యెకరములకు పైబడిన పారిశ్రామిక ప్రాంతమును ఈ మార్గమున భాగముగా ఆమోదించినది.

ఇట్టి మార్గమునకు మన పత్రికలు ‘నడవ’ యని పేరు పెట్టినవి. మంచి పేరే. కాని నడవ యనగానేమి? ఇంటిలో గదులను గలుపు దారి. నడవయం దెవ్వరును కాపురముండరు, వంట వండుకొనరు, బిడ్డలను బెంచుకొనరు. గదులు నిండుగా నున్నప్పుడే నడవకు శోభ. గదులు పాడుపడి, నడవ మాత్రము నున్నగా మెరయుచుండెనేని అది యిల్లు గాదు, సత్రపు వాకిలి. కావున మన ప్రశ్న యిది: ఈ నడవ కిరుప్రక్కల గదులున్నవా? ఆ గదులలో నుండువారెవరు?

ఈ ప్రశ్న క్రొత్తది గాదు. మన తీరము ఇట్టి మార్గములను మునుపే చూచినది. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పినప్పుడు వారు వచ్చినది మన అద్దకపు బట్టలకై. నాడు రేవునకు వెనుక మగ్గమున్నది, మగ్గమునకు వెనుక ప్రత్తి చేనున్నది. అనగా గదులు నిండియున్నవి. పిదప సీమబట్టలు వచ్చి మగ్గము మూలబడినది. 1864 నవంబరు 1వ తేదీ నాటి ఉప్పెనలో ఆ పట్టణ ప్రాంతమున సుమారు ముప్పదివేలమంది మడిసిరి. మగ్గము పోయిన వెనుక, జనము పోయిన వెనుక, రేవు పేరు మాత్రము మిగిలినది.

కాలువల కథ వేరు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరి మండలమును అన్నపూర్ణగా జేసెను. ఆ కాలువలలో నీరు పొలమునకు బారెను, పడవ సంతకు సాగెను. ఒకే త్రవ్వకము రైతునకును వర్తకునకును ఉపకరించెను. కాకినాడ నుండి బకింగ్‌హాం కాలువ గుండ చెన్నపురివరకు పడవ పోవు కాలమొకటి యుండెను. రైలు వచ్చిన వెనుక పడవలు తగ్గెను, కాలువలు పూడుకొనెను. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలు జాతీయ జలమార్గముగా ప్రకటింపబడినవి గాని ప్రకటనమాత్రమున పూడిక తొలగదు గదా!

విశాఖ రేవు 1933లో తెరువబడినది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమును ఓడల కెక్కించుట దాని తొలి పనులలో నొకటి. స్వరాజ్యము వచ్చిన వెనుకను బైలదిల్లా ఇనుపరాయి మన కొండలలోని సొరంగములను దాటి, ఆ రేవుననే ఓడయెక్కి జపానునకు బోయెను. రాయి మన నడవలో నడచిపోయినది. ఉక్కు పరదేశమున దయారైనది. 1966లో ఉక్కు కర్మాగారమునకై ఆంధ్రులు సాగించిన ఉద్యమమున ముప్పదిరెండుమంది ప్రాణములు గోల్పోయిరి. వారడిగినది దారి గాదు, గది. ఆ గదియే నేటి విశాఖ ఉక్కు కర్మాగారము. ఖనిజము పోవు త్రోవ వేరు, ఖనిజమును ఉక్కుగా మార్చు పనితనము వేరు అను పాఠము మనకు రక్తముతో వ్రాయబడియున్నది.

ఇక వర్తమానమునకు వత్తము.

పరిశ్రమలే వలదను వారితో మేము ఏకీభవింపము. డెల్టాలో తాత దున్నిన పది యెకరములు తండ్రికి అయిదై, కొడుకునకు రెండై, మనుమనికి బందెలదొడ్డియంత మిగులుచున్నది. చదువుకొన్న పిల్లలు హైదరాబాదునకు, బెంగుళూరునకు, చెన్నపురికి, సముద్రములు దాటి అమెరికాకును బోవుచున్నారు. ఇంటిలో ముసలివారు మిగిలియున్నారు. పనులు మన యూరిదాపునకు రావలెను. కావున మార్గము రావలసినదే. ఎట్లు రావలెనన్నదే మన విచారము.

మొదటిది భూమి. 1894 నాటి దొరల చట్టము పోయి 2013 చట్టము వచ్చినది. దానిప్రకారము ప్రైవేటు సంస్థలకై భూమి సేకరింపవలెనన్న నూటికి ఎనుబదిమంది బాధితులు సమ్మతింపవలెను. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యపు పనులకైన నూటికి డెబ్బదిమంది సమ్మతి గావలెను. కౌలుదారునకు, కూలికిని ఆ చట్టమున చోటు గలదు. కాని మన డెల్టాలో కౌలు నోటిమాట మీద నడచును. కాగితము లేనివాని పేరు జాబితాలో జేరునా? పట్టాదారునకు సొమ్ము ముట్టును, ముప్పదియేండ్లు ఆ చేనిలో చెమటోడ్చినవాడు కర్మాగారపు ప్రహరీగోడ కావల నిలిచి చూచుచుండును. సేకరణకు పూర్వమే గ్రామసభలో కౌలుదారుల, కూలీల జాబితా చదువబడవలెను. భూమి నిచ్చినవానికి వెలతోపాటు ఆ పేటవలన ఏటేట వచ్చు కౌలులో భాగముండవలెను. వెల యొకనాటితో ఖర్చగును, భాగము బిడ్డలకు నిలుచును.

ఇచ్చిన మాట నిలుపుకొనుటయు ముఖ్యమే. 2015లో అమరావతికై రైతులు ముప్పదివేల యెకరములకు పైగా సమీకరణమున నిచ్చిరి. 2019లో మంత్రివర్గము మారినంత పని నిలిచినది. ఇచ్చినవారు ఏండ్లతరబడి దారులలో కూర్చుండి మొరపెట్టుకొనిరి. ఏ పక్షము తప్పన్నది నేటి మా విషయము గాదు. మంత్రులు మారినను మారని ఒడంబడిక లేనిచో రైతు తన భూమిని నమ్మికమీద ఇచ్చుట యెట్లు? ఈ మార్గపు ప్రతి వాగ్దానమును శాసనబద్ధము గావింపవలెనని మేము కోరుచున్నాము.

రెండవది నీరు. ఈ మార్గపు దక్షిణపు కొననున్న చెన్నపురి 2019 వేసవిలో జలాశయము లెండి బిందెడు నీటికై బారులు దీరెను. కర్మాగారములకు కొదువలేని నగరమే అది. కార్లు చేయగల నగరము నీటిచుక్కను చేయజాలకపోయెను! కృష్ణ నీటికి పంచాయితీలు తెగుట లేదు. అట్టిచో ఏ పేటకు ఎంత నీరు, ఏ కాలువనుండి, ఏ ఆయకట్టును దగ్గించి, అను లెక్క శంకుస్థాపనకు ముందే ప్రజల యెదుట నుంచవలెను. పట్టణములు వాడి విడిచిన మురుగును శుద్ధి చేసి పరిశ్రమలకు మొదట నియ్యవలెను. త్రాగునీరును, సాగునీరును ముట్టుట కడపటి మాట గావలెను.

మూడవది సముద్రము. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమను ఉప్పెన ముంచివేసినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలము గావించినది. ఉప్పాడ తీరమును కడలి యేటేట కోయుచున్నది. మన ఇండ్ల ప్రక్కననే విషములు నిలువ చేసికొన్న నేమగునో 2020 మే 7వ తేదీ వేకువను విశాఖ వెంకటాపురమునందు వెలువడిన స్టైరీన్ వాయువు మనకు చూపినది. కావున తీరపు మడ యడవులను, కొల్లేటిని, పులికాటును ముట్టరాదు. అవి పనికిరాని పల్లములు గావు. మడ యడవి ఉప్పెనకు అడ్డుగోడ. సరస్సు వరదకు ఆటపట్టు. వాని విలువ పద్దులలో కెక్కదు, పోయిన నాడే తెలియును. రేవు కట్టుచోట వేటపడవకు దారి విడువవలెను. బెస్తవాడు తన సముద్రమునకు తానే పరాయివాడు గారాదు.

నాల్గవది పని. పరిశ్రమలలో నూటికి డెబ్బదియైదు ఉద్యోగములు స్థానికులకే యీయవలెనని 2019లో మన శాసనసభ చట్టము చేసినది. చట్టము చేతికి పని జూపవచ్చును గాని చేతికి పనితనము నేర్పజాలదు. పేట కట్టుటకు మునుపే ఆ మండలమున శిక్షణాలయము తెరువవలెను, అందు ఆడపిల్లలకు సమానముగా చోటుండవలెను. లేనిచో మనవారికి దక్కునది కావలి పనియు, ఊడ్పు పనియు మాత్రమే. పెద్ద కర్మాగారము వెంట చిన్నవియు రావలెను. పొందూరు ఖద్దరు, ఉప్పాడ చీర, మంగళగిరి నేత, ఏటికొప్పాక లక్కబొమ్మ, గుంటూరు మిరప, తీరపు రొయ్య, ఇవి మన గదులలోని దీపములు. నడవ దీపములకు నూనె వీనినుండి పిండరాదు.

అయిదవది అప్పు. అప్పు చేయుట పాపము గాదు. ఎద్దులు కొనుటకు చేసిన అప్పు వేరు, పెండ్లి పందిరికి చేసిన అప్పు వేరు. 2016లో డాలరు సుమారు 67 రూపాయలు. 2025లో 85 దాటినది. డాలరులో చేసిన అప్పు మనము నిదురించుచుండగను బెరుగును. దానిని దీర్చునది మన పన్నులే. కావున ఏ రూపాయి యే పనికి బోయెను, ఎన్ని యుద్యోగములు వచ్చెను, ఎంతభూమి ఖాళీగా బడియున్నది, అను లెక్కను ఏటేట తెలుగున నచ్చొత్తించి ప్రతి మండల కార్యాలయమునను ఉంచవలెను. నిర్ణీత కాలములో పరిశ్రమ పెట్టనివాని భూమిని తిరిగి తీసికొనవలెను.

కడపట నొక్కమాట. ఈ మార్గము తీరము వెంట సాగును. రాయలసీమయు, ఉత్తరాంధ్ర మన్యమును సముద్రపు చప్పుడు వినరాని దూరమున నున్నవి. కొప్పర్తిని జేర్చుట మంచి ఆరంభము. అడ్డదారులు లేని నడవ యొక ప్రక్కనే గదులున్న యిల్లు. దూరపు గదులకు దారి తీయనిచో ఒకే రాష్ట్రమున రెండు దేశములు పుట్టును. వానిలో వచ్చు కలహము నే రహదారియు దీర్చజాలదు.

సోదరులారా! స్వరాజ్య మనగా ఢిల్లీలో మన జెండా యెగురుట మాత్రమే గాదు. మన యూరి పొలిమేరలో నేమి కట్టవలెనో నిర్ణయించునప్పుడు మన మాటయు చెల్లుట. పరిశ్రమను మనము ద్వారముకడ నెదిరింపము. అతిథి యని పిలిచి, పీట వేసి, లెక్క యడుగుదము. మీ గ్రామసభ పిలుపు వచ్చిననాడు పొలము పనియున్నదని మానకుడు. ఆనాటి పొలము పని అదియే. మీరు నోరు విప్పని సభలో మీ భూమిని గూర్చి ఇతరులు మాటలాడుదురు. మీ సంతకము లేని కాగితముపై మీ బిడ్డల భవిష్యత్తు వ్రాయబడును. అట్లు గాకుండునట్లు చూచుకొనవలసిన భారము ప్రభుత్వముకంటె ముందు మనది.