మాతా శిశు పోషణము - గ్రామ ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయ వేదికపై అన్నమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాపాడుకొన్న గ్రామమునకు, ఆ పుస్తకములను రేపు చదువవలసిన బిడ్డలను కాపాడుకొనుటయు అట్టి ధర్మమే. నేడు అంగన్వాడీ కేంద్రములో తల్లి ఒడిలోనున్న పసివాడే మరి పదేండ్లకు ఈ పఠన మందిరపు మెట్లెక్కవలసినవాడు. వాడు ఎక్కునా, ఎక్కినను చదివినది తలకెక్కునా అనునది చాలవరకు ఇప్పుడు వాని తల్లి కంచములో ఏమున్నదో దానిపై ఆధారపడియుండును.

వైద్యశాస్త్రము చెప్పునది ఇది. గర్భములో 270 దినములు, పుట్టిన పిదప రెండేండ్లకు 730 దినములు, వెరసి వేయి దినములు. బిడ్డ మెదడు అత్యంత వేగముగా పెరుగు కాలమిదియే. తల్లికి తిండి చాలనిచో బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువ తూకముతో పుట్టు ప్రమాదము హెచ్చును. అట్టి బిడ్డ రోగములకు త్వరగా లొంగును. ఈ వేయి దినములలో కలిగిన లోటును తరువాత ఎన్ని పిండివంటలు పెట్టినను పూర్తిగా పూడ్చుట కష్టము.

మన స్థితి యెట్లున్నదో చూడుడు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, అయిదేండ్లలోపు బిడ్డలలో వయసునకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశములో నూటికి 31 మంది, తెలంగాణములో 33 మంది. 15 మొదలు 49 ఏండ్ల వరకు గల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశములో నూటికి సుమారు 59 మంది, తెలంగాణములో 58 మంది. కృష్ణా గోదావరులు పారుచు, వరి పుష్కలముగా పండు సీమలలోని లెక్కలివి. లోపము గాదెలో లేదు. గాదె నుండి తల్లి నోటికి పోవు త్రోవలో నున్నది.

ఈ త్రోవను సుగమము చేయుటకు జరిగిన ప్రయత్నము నేటిది కాదు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినపుడు దానికి తొలి అధ్యక్షురాలైరి. పల్లెలలో పిల్లలకు బాలవాడీలు, స్త్రీలకు సంక్షేమ కార్యక్రమములు నడుపుటకు ఆ బోర్డు తోడ్పడినది. 1918లో కూనూరునందు చిన్న పరిశోధనశాలగా మొదలైన సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, పిదప జాతీయ పోషకాహార సంస్థగా పేరొందినది. అచట పనిచేసిన డాక్టరు సి. గోపాలన్ గారు ముఖ్యమైన విషయమొకటి నొక్కి చెప్పిరి. మన బిడ్డల బలహీనతకు ఏదో అరుదైన పదార్థము లోపించుట కాదు, మొత్తముమీద తిండియే చాలకపోవుట ప్రధాన కారణమని వారి అభిప్రాయము. అనగా ఖరీదైన డబ్బాలు కొననక్కరలేదు. ఇంటి తిండినే సరిగా, చాలినంత పెట్టవలెనని అర్థము.

1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీ, గాంధీజయంతినాడు, సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము దేశములోని 33 ప్రాంతములలో ప్రారంభింపబడినది. పూరకాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైనపుడు ఆసుపత్రికి పంపుట, బడికి పూర్వపు చదువు, తల్లులకు ఆరోగ్యబోధ, ఈ ఆరును దాని సేవలు. ఆ విత్తనమే నేడు ఆంధ్రప్రదేశములో 55 వేలకు పైగా, తెలంగాణములో 35 వేలకు పైగా గల అంగన్వాడీ కేంద్రములుగా విస్తరించినది.

ఈ విస్తరణము దానంతట వచ్చినది కాదు. ఆహార హక్కును గూర్చి 2001లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వ్యాజ్యములో అనేక ఉత్తర్వులు వెలువడినవి. పేదరిక రేఖకు దిగువవారన్న నియమమును ఈ ఆహారమునకు అర్హతగా పెట్టరాదని 2004లో కోర్టు ఆదేశించినది. ప్రతి ఆవాసమునకు కేంద్రము ఉండవలెనని 2006లో చెప్పినది. పిమ్మట 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టము వచ్చి, అంతవరకు పథకముగా నున్నదానిని హక్కుగా మార్చినది.

ఆ చట్టము చెప్పునదేమి? గర్భము ధరించినది మొదలు ప్రసవించిన ఆరు నెలల వరకు ప్రతి స్త్రీకిని స్థానిక అంగన్వాడీ ద్వారా ఉచితముగా ఆహారమీయవలెను. అందులో 600 కేలరీల శక్తియు, 18 మొదలు 20 గ్రాముల మాంసకృత్తులును ఉండవలెనని అప్పుడు నిర్దేశించిరి. ఆరు నెలల నుండి ఆరేండ్ల వరకు గల బిడ్డకు 500 కేలరీలు, 12 మొదలు 15 గ్రాముల మాంసకృత్తులు. మిక్కిలి చిక్కిన బిడ్డకు 800 కేలరీలు. ఈయవలసిన ఆహారము ఈయనిచో దానికి బదులు ఆహార భద్రతా భృతి పొందు హక్కు కలదు. ఫిర్యాదు వినుటకు జిల్లాలో అధికారి, రాష్ట్రములో ఆహార కమిషను ఉండవలెనని గూడ చట్టమే చెప్పినది. కావున గ్రుడ్డు రాని వారమున తల్లులు అడుగుట యాచన గాదు. తమకు రావలసినదానిని తామడుగుట.

ఇంతవరకు ప్రభుత్వపు పని. కాని బియ్యము, పప్పు, గ్రుడ్డు ఊరి కేంద్రమునకు చేరినంత మాత్రమున తల్లికి చేరినట్లు కాదు. ఈ నడుమ మూడు గడపలు గలవు. వానిని దాటించుట ఏ అధికారి వలనను గాదు; గ్రామస్థుల వలననే కావలెను.

మొదటి గడప ఇంటిది. మన యిండ్లలో కోడలు అందరికిని వడ్డించి కడపట తినును. కూర అడుగంటినచో పచ్చడి మెతుకులతో సరిపెట్టుకొనును. కేంద్రము నుండి సరుకులు ఇంటికి వచ్చినచో, అవి అందరి కుండలో కలియును. గ్రుడ్లు మగవారికి, పెద్దపిల్లలకు పోవును. ఇందులో ఎవరి దుర్బుద్ధియు లేదు, తరతరముల అలవాటు. ఈ సంగతి గ్రహించియే, కేంద్రములోనే కూర్చుండబెట్టి భోజనము పెట్టు పద్ధతి మన ప్రాంతములలో అవలంబింపబడినది. తెలంగాణములో 2015 జనవరి 1న ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకు, బాలింతలకు పూటభోజనముతోబాటు ఒక గ్రుడ్డును, 200 మిల్లీలీటర్ల పాలును కేంద్రములోనే ఇచ్చుటకు ఏర్పడినది. ఆంధ్రప్రదేశములో 2020 సెప్టెంబరులో సంపూర్ణ పోషణ పథకము వచ్చినది. అదే యేడు కోవిడ్ వలన కేంద్రములు మూతబడగా సరుకులు ఇండ్లకే పంపవలసి వచ్చినది. కంచములో పెట్టిన అన్నమునకును, సంచిలో ఇచ్చిన బియ్యమునకును గల భేదము అప్పుడు తేటపడినది. అన్నము తల్లిదగును, సంచి ఇంటిదగును.

మరియొక మాట. దీనిని పూరకాహారమనిరి. అనగా ఇంటి తిండికి తోడుగా నుండునది, దానికి బదులు కాదు. "అంగన్వాడీలో తిన్నదిగదా, ఇంక ఇంటివద్ద ఎందుకు?" అని అత్తగారు అనినచో, ప్రభుత్వము ఒకచేత పెట్టినది ఇల్లు మరొకచేత తీసివేసినట్లగును. "కడుపునిండ తిన్న బిడ్డకు చోటుండదు, కాన్పు కష్టమగును" అను మాట గూడ సత్యము గాదు. బిడ్డ పెరుగు సంచి వేరు, అన్నము చేరు సంచి వేరు. ఇనుము మాత్రను గర్భిణి కనీసము 180 దినములు వేసికొనవలెను. భోజనమైన వెంటనే తేనీరు త్రాగినచో అన్నములోని ఇనుము సరిగా ఒంటబట్టదు. పప్పులో, కూరలో నిమ్మరసము పిండుకొన్నచో బాగుగా పట్టును. ఈ చిన్న విషయములకు డబ్బు అక్కరలేదు, తెలివిడి చాలును.

రెండవ గడప పొలముది. కేంద్రములో అన్నము వడ్డించువేళకు నాట్లు వేయు తల్లి మడిలో నుండును; పత్తి ఏరు తల్లి చేనిలో నుండును. అన్నము ఎవరికి మిక్కిలి అవసరమో వారే ఆ వేళకు రాలేరు. కూలి పోగొట్టుకొని అన్నమునకు రమ్మనుట న్యాయము గాదు. గ్రామములోని రైతులు, కూలీలను పిలుచు మేస్త్రీలు దయచేసి ఒక నియమము చేసికొనవలెను. తమ పొలములో పనిచేయు గర్భిణికిని, పాలిచ్చు తల్లికిని మధ్యాహ్నము ఒక గంట విడుపు ఇచ్చి, ఆ గంటకు కూలి కోయకుండవలెను. చేనికి దూరమైనచో ఎవరైన ఆమెకు బండి సాయము చేయవచ్చును. ఒక కారులో ఒక్కొక్క రైతుకు ఇది ఎంత నష్టము? ఆ బిడ్డకు ఎంత లాభము?

మూడవ గడప పుట్టింటిది. తొలి కాన్పునకు ఆడపిల్ల ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో పుట్టింటికి పోవుట మన ఆచారము. అత్తవారి యూరి పట్టీలో ఆమె పేరుండును, మనిషి ఉండదు. పుట్టినింటి యూరిలో మనిషి ఉండును, పేరుండదు. ఇట్లు కాన్పునకు ముందు రెండు నెలలు, పిదప మూడు నెలలు, మిక్కిలి విలువైన కాలములో ఆమె రెంటికిని చెడును. చట్టము ప్రతి గర్భిణికి అనినదే గాని, ఏ యూరి గర్భిణి అని అడుగలేదు. పిల్లను తీసికొనిపోవుటకు వచ్చిన తండ్రి, సారెతోబాటు ఆమె తల్లీబిడ్డల కార్డును గూడ తీసికొని, మరునాడే తమ యూరి టీచరమ్మకు చూపి పేరు వ్రాయింపవలెను. ఇట్లే మన యూరికి కాన్పునకు వచ్చిన ఆడపడుచులను గూడ మనము వెదకి చేర్పింపవలెను.

ఇక బిడ్డ మాట. పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలెను. వానిని పిండి పారబోయుట బిడ్డ తొలి రక్షను పారబోయుటయే. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదు. పిమ్మట మన పెద్దలు ఆరవ నెల అన్నప్రాశనము పెట్టిరి. వైద్యులు చెప్పు కాలమును అదియే. కాని అన్నప్రాశననాడు పాయసము నాకించి, మరునాటినుండి మరల పాలతోనే ఉంచు ఇండ్లు అనేకము. మెత్తగా మెదిపిన పప్పన్నము, నేయి, ఉడికిన గ్రుడ్డు ఆనాటినుండి క్రమముగా పెట్టవలెను. ఏడవ నెలనుండి మూడేండ్ల వరకు ఇచ్చుటకై మన ప్రాంతమున బాలామృతము ఏర్పరచిరి. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె కలిపిన పొడి అది. రెండున్నర కిలోల పొట్లము, దినమునకు 100 గ్రాముల చొప్పున, ఒక బిడ్డకు 25 దినములకు సరిపోవును. ఇంటిల్లిపాది ఉండలు చేసికొని తిన్నచో నాలుగు దినములకే ముగియును. తూకము నాడు త్రాసు ముల్లు కదలదు.

త్రాసు మాట వచ్చినది గనుక టీచరమ్మ మాట, ఆయా మాట చెప్పక తప్పదు. వండుట, వడ్డించుట, తూచుట, పాఠము చెప్పుట, పట్టీలు నింపుట అన్నియు ఆ యిద్దరివే. వారికి ముట్టునది జీతము గాదు, గౌరవ వేతనమను పేర స్వల్ప మొత్తము. 2022లో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ హక్కు గలదని తీర్పు చెప్పినది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశములోని అంగన్వాడీ సిబ్బంది సమ్మె చేసి, 2024 జనవరి వరకు కొనసాగించిరి. లెక్క అడుగుట గ్రామము హక్కు. వారి కష్టము గుర్తించుటయు గ్రామము విధియే. సరుకు ఆలస్యమైనపుడు టీచరమ్మపై కేకలు వేయుటకంటె, ఆమెతో కలసి పై అధికారికి మహజరు వ్రాయుట మేలు.

ఇందు గ్రంథాలయము చేయగల పని కలదు. వార్తాపత్రికల బల్ల ప్రక్కన ఒక నల్లబల్ల పెట్టి, ఈ నెల కేంద్రమునకు ఎన్ని గ్రుడ్లు, ఎంత పప్పు, ఎన్ని పొట్లములు వచ్చినవో వ్రాయవచ్చును. తూకము దినమును ముందుగా తెలుపవచ్చును. చదువురాని తల్లులకు కార్డులోని సంగతులను సభ్యులు చదివి చెప్పవచ్చును. పుస్తకము ఎవరు తీసికొనిరి, ఎప్పుడు తిరిగి ఇచ్చిరి అని ఇరువదియైదేండ్లు తప్పక వ్రాసిన చేతులకు ఈ లెక్క కష్టము గాదు. ఒక్క పుస్తకము తప్పిపోయినను వెదకు గ్రామము, ఒక్క తల్లి పట్టీనుండి తప్పిపోయినపుడు ఊరకుండరాదు.

ప్రభుత్వము అన్నమును ఊరివరకు తెచ్చినది. ఊరినుండి కంచమువరకు, కంచమునుండి నోటివరకు తెచ్చుట అత్తగారు, భర్త, రైతు, పుట్టింటివారు, మనమందరము కలసి చేయవలసిన పని. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, నేడు గర్భమందున్న బిడ్డ ఇరువదియైదేండ్ల యువకుడుగనో యువతిగనో ఈ వేదికమీద నిలుచును. ఆనాడు ఆ బిడ్డ నిటారుగా నిలుచునట్లు చేయు భారము ఈనాటి పెద్దలది.

తల్లులకు ఆరోగ్యమును, బిడ్డలకు ఆయువును, గ్రంథాలయమునకు అభివృద్ధియు కలుగుగాక!