వృద్ధుల మనోవ్యధ: అడుగవలసిన యొక ప్రశ్న



25 వసంతములు నిండిన ఈ పఠన మందిరమున మాటలాడు అవకాశము కల్పించిన కార్యవర్గమువారికి కృతజ్ఞతలు. నేడు నేనెన్నుకొన్న విషయము మన యిండ్లలోని వృద్ధుల మనస్సు.

పెద్దవారు ఎల్లవేళల విసుగుకొనుచున్నచో, అందరిని అనుమానించుచున్నచో, "ముసలితనపు చాదస్త"మని చేతులు దులుపుకొందుము. కాని దాని వెనుక వ్యాధి యుండవచ్చును.

ఒకటి వ్యక్తిత్వ వైకల్యము. అతి సందేహము, అతి పరాధీనత, పట్టరాని కోపము వంటి పోకడలు సాధారణముగ యౌవనారంభముననే పొడసూపి, బంధుమిత్రులతోడి పొందికను చెరచుచుండును. రెండవది చిరకాలపు క్రుంగుబాటు. 2 ఏండ్లు, అంతకు మించియు, ఎక్కువ దినములు మనస్సు వాడియుండుట. వృద్ధులు పలువురు దుఃఖమని చెప్పరు. నిద్ర లేదందురు, ఒళ్లునొప్పులందురు. ఈ రెండును కలసినచో చికిత్స ఆలస్యముగ ఫలించును.

ఇంటివారు మొదట అడుగదగిన ప్రశ్న యొక్కటే: "ఎప్పటినుండి?" నలుగురితో నవ్వుచుండినవారు 65వ యేట మారిపోయినచో దానిని స్వభావమనరాదు. క్రుంగుబాటో, మతిమరపు వ్యాధియో, థైరాయిడు లోపమో, మందుల ప్రభావమో వైద్యుడు శోధింపవలెను. చిన్ననాటినుండి కోపిష్ఠియైనవాడు ఇప్పుడు అన్నము మాని మూల గూర్చున్నచో, "ఆయన తీరే అంత" యనుట మరింత ప్రమాదము. పాత స్వభావము క్రొత్త వ్యాధిని కప్పిపుచ్చును. "నేను బ్రతికి ఎవరికి లాభము?" అను మాట వినబడినచో బెదిరింపని కొట్టివేయరాదు. ఒంటరిగ విడువక, పురుగుమందులు అందకుండ దాచి, ఆ దినమే వైద్యునొద్దకు కొనిపోవలెను.

మందులు కొన్ని వారములకు గాని గుణమీయవు. వైద్యుడు చెప్పక నడుమ మానరాదు. మాటల చికిత్స వృద్ధులకును మేలుచేయును. స్వభావము పూర్తిగ మారకున్నను, క్రుంగుబాటు తగ్గినచో దాని పదును తగ్గవచ్చును. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే ఉచితముగ సలహా లభించును. నిత్యము మాటలు పడుచు సేవచేయు కోడండ్ర, కుమార్తెల శ్రమయు తక్కువది కాదు. ఆ భారమును ఇంటిల్లిపాది పంచుకొనవలెను.

పాఠకమిత్రులారా! ప్రతి ఉదయము వార్తాపత్రికకై వచ్చెడి వృద్ధుడు వారము దినములు కానరానిచో, ఆయన యింటికి పోయి పలుకరింపుడు. అదియు గ్రంథాలయ సేవయే.