రసీదు ఇచ్చుటకు ముందు చిట్టా వ్రాయవలెను

(పాఠశాల వార్షికోత్సవ సభలో కార్యవర్గము పక్షమున తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



గత జూన్ మాసమున ప్రవేశముల వేళ మీలో పలువురు కార్యాలయపు కిటికీ ముందు చాల సేపు నిలువవలసి వచ్చినది. "కంప్యూటరు వచ్చినది గదా, కాగితముల నాటికంటె ఆలస్యమేమి?" అని మీరు ప్రశ్నించితిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. ఆ ఆలస్యమునకు కారణమేమో, దానిని తొలగింపబోయి మేము చేసిన పొరపాటేమో, తుదకు నేర్చినదేమో ఈ సభలో మీకు నివేదించుట మా విధి యని భావించుచున్నాము.

మన పాఠశాల ప్రవేశ పుస్తకము, హాజరు, మార్కులు, ఫీజు లెక్కలు ఇప్పుడు ఒక డేటాబేసులో ఉన్నవి. ఆ డేటాబేసు వర్చువల్ మెషీనులో నడచుచున్నది. పెద్ద ఇంటిని వాటాలుగా విడదీసి నాలుగు కుటుంబములకు అద్దెకిచ్చినట్లు, ఒకే కంప్యూటరును సాఫ్ట్‌వేరు సహాయమున పలు కంప్యూటర్లుగా విడదీయుటయే ఈ పద్ధతి. ఇది నిన్నటిది కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వి.ఎం./370 అను పేర పెద్ద యంత్రములకు దీనిని ప్రకటించినది. 2007లో కె.వి.ఎం. అనునది లినక్సులో చేరిన పిదప, మనవంటి చిన్న సంస్థలకును ఇది ప్రత్యేకమైన ఖర్చు లేక అందినది. మన యంత్రమున ఒక వాటాలో డేటాబేసు, మరియొక వాటాలో కెమెరాల రికార్డింగు, ఇంకొక వాటాలో గ్రంథాలయపు జాబితా కాపురమున్నవి.

వాటాలు వేరైనను పెరటి బావి ఒక్కటే. ఆ బావియే డిస్కు. మన పాత డిస్కు నిమిషమునకు 7200 సారులు తిరుగునది; అనగా సెకనుకు 120 చుట్లు, చుట్టుకు 8 మిల్లీసెకన్లకు కొంచెము పైగా. చెదురుగా ఉన్న సమాచారము కొరకు దాని చేయి అటునిటు జరుగుచు, కావలసిన భాగము తన క్రిందికి వచ్చువరకు ఆగవలెను. అందుచేత అట్టి పని సెకనుకు సుమారు నూరు సారులు మాత్రమే జరుగును. ఒకరు చేద వేసినప్పుడు తక్కినవారు గట్టున నిలువవలసినదే. కెమెరాలు పగలంతయు తోడుచుండగా ప్రవేశ పుస్తకము బిందె పట్టుకొని నిలిచియున్నది.

ఇక డేటాబేసు వ్రాయు తీరు చూడుడు. మన పెద్దలు వ్యాపారములో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకము లుంచెడివారు. జరిగినది జరిగినట్లు ముందు చిట్టాకెక్కును. తరువాత తీరికగా పద్దుల వారీగా ఆవర్జాకు మారును. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వంటి డేటాబేసులును ఇట్లే చేయును. చిట్టాలోని పంక్తి డిస్కుపై నిజముగా పడినదని రూఢియైన పిమ్మటనే "చేరినది" అని బదులిచ్చును. ఆ బదులే రసీదు. ఆవర్జా మధ్యలో చెడినను, చిట్టా నిలిచినచో దానిని మరల సరిచేయవచ్చును.

తిరిగెడి డిస్కుపై ఒక్కొక్క రసీదుకు ఒక చుట్టయినను పట్టును. 600 మంది పిల్లలకు ఆరేసి విషయముల మార్కులన్న 3600 పద్దులు. ఒక్కొక్క పద్దుకు ఒక్కొక్క రసీదు కోరినచో, ఇతరు లెవ్వరును లేకున్నను 30 సెకన్లు కావలెను. వాటాలోని ఫైలు లెక్క, ఇంటి యజమానియైన యంత్రపు ఫైలు లెక్క అదనముగా తోడై, పొరుగు వాటాల పోటీయు చేరినప్పుడు అదియే నిమిషములకు పెరుగును. మీరు కిటికీ ముందు నిలిచినది ఇందువలననే.

ఇప్పుడు మా పొరపాటు చెప్పవలెను. యంత్రమును చూచువారొకరు సులభోపాయ మొకటి చెప్పిరి. వర్చువల్ డిస్కునకు "అన్‌సేఫ్" అను ఒక అమరిక గలదు. దానిని పెట్టినచో, చిట్టా డిస్కుపై పడకముందే, జ్ఞాపకములో నుండగనే రసీదు వచ్చును. పేరులోనే అపాయమని యున్నను మేము అంగీకరించితిమి. పని గాలివలె సాగినది. మేము సంతోషించితిమి. నాలుగవ నాటి మధ్యాహ్నము కరెంటు పోయినది, బ్యాటరీ నిలువలేదు. యంత్రము తిరిగి లేచినప్పుడు డేటాబేసు తెరచుకొనలేదు. ముందటి రాత్రి నకలునుండి దానిని నిలిపితిమి గాని, ఆ ఉదయము చేరిన పిల్లల పద్దులు లేవు. వారి తల్లిదండ్రుల చేతిలో మా రసీదులున్నవి. మా పుస్తకములో వారి పేర్లు లేవు.

ఆ పద్దులలో మాతృభాష యను గడి యొకటి గలదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధి యని చెప్పుచున్నది. ఆ సౌకర్యమును కోరునప్పుడు మనము చూపగలిగినది పిల్లల పట్టికయే. ఆ గడిలో "తెలుగు" అని యున్న పేరు జారిపోయినచో, లెక్కలో ఒక తెలుగు బిడ్డ తగ్గినట్లే. మన గుమాస్తాగారు కాగితపు దరఖాస్తులను పారవేయక కట్టగట్టి యుంచినందున రెండు దినములలో అన్నియు తిరిగి ఎక్కించితిమి. వారికి ఈ సభాముఖమున మా కృతజ్ఞత తెలుపుచున్నాము.

పిదప చేసిన పనులు ఇవి. మొదట ఆ అమరికను తొలగించితిమి. తరువాత, ఊహలు మాని, ఆలస్య మెచ్చట కలుగుచున్నదో కొలిపించితిమి. మార్కులు ఎక్కించు ప్రోగ్రాము పద్దుకొక రసీదు కోరుచున్నదని తేలినది. తరగతికొక రసీదు చాలునట్లు మార్పించితిమి. దీనికి దమ్మిడీ ఖర్చు కాలేదు, మేలు మాత్రము మెండుగా కలిగినది. కెమెరాల రికార్డింగును వేరు డిస్కునకు తరలించితిమి. డేటాబేసు వాటాకు జ్ఞాపకము పెంచితిమి. తరచు చదువు పుటలు అందే యుండుటచే డిస్కు జోలికి పోవలసిన అక్కర తగ్గినది.

వాటాకు చూపిన డిస్కు పాతకాలపు ఐ.డి.ఇ. డిస్కువలె నటించుచుండెను. ప్రతి చిన్న పనికిని యజమానియంత్రము దుబాసీపని చేయవలసి వచ్చెడిది. వర్చువల్ మెషీన్ల కొరకే కల్పించిన "వర్టియో" డ్రైవరును పెట్టుటతో ఆ శ్రమ తగ్గినది. కొంచెము కొంచెముగా పెరిగెడి డిస్కు ఫైలును మాని, చోటంతయు ముందే కేటాయించితిమి. ఎన్నడో తీసి మరచిన స్నాప్‌షాట్లను తీసివేసితిమి. అవి యున్నంత కాలము ప్రతి వ్రాతకును అదనపు శ్రమ కలుగుచుండెను. ఒకే పుటను వాటాలో నొకసారి, యజమానియంత్రములో నొకసారి దాచు వ్యర్థమును మాన్పుటకు "క్యాష్ నన్" అను అమరిక నుంచితిమి. ఇది రసీదు నియమమును భంగపరచదు.

తుదకు డేటాబేసునకు ఎస్.ఎస్.డి. కొన్నాము. అందులో తిరిగెడి భాగములు లేవు గనుక చెదురుగా ఉన్న సమాచారమును సెకనుకు వేల సారులు అందించును. అయితే అన్నియు ఒక్కటి కావు. కరెంటు పోయినను చేతిలోని వ్రాతను ముగించుటకు కెపాసిటర్లు గల రకమునే ఎంచితిమి. ధర హెచ్చైనను ఇచ్చట పొదుపు తగదని కార్యవర్గము నిశ్చయించినది. ప్రతి రాత్రి నకలు తీయుచున్నాము. నెలకొకసారి ఆ నకలును వేరొక యంత్రములో తెరచి సరిచూచుచున్నాము. తెరచి చూడని నకలు నకలు కాదని అనుభవమున తెలిసినది.

తల్లిదండ్రులారా! వేగము కోరుట తప్పు కాదు. పోటీ తగ్గించి, వృథా శ్రమ మాన్పి, మంచి పరికరము తెచ్చి దానిని సంపాదింపవచ్చును. వ్రాయకయే వ్రాసితిమని చెప్పి సంపాదించిన వేగము మాత్రము అప్పు వంటిది. ఏదో ఒకనాడు వడ్డీతో తీర్పక తప్పదు. రాబోవు జూన్ మాసమున మీ బిడ్డ పేరు చేరినదని మేము రసీదిచ్చిన వెంటనే, "చూపుడు" అని అడుగుడు. తెరపై బిడ్డ పేరును, మాతృభాష గడిని చూచుకొని మరీ ఇంటికి వెళ్ళుడు. మీరట్లడుగుట మాకు కష్టము కాదు, మాకది కాపుదల.