మన గురువులను మనమే పెంచుకొనవలయును



మన నిజాంపట్నపు రేవు చరిత్రకెక్కినది. 1606లో డచ్చివారును, 1611లో గ్లోబు అను ఓడపై ఆంగ్లేయులును వర్తకమునకై యిచ్చట దిగిరి. సరకు నోడపై దింపుకొనవచ్చును. గురువును దింపుకొని నిలుపుకొనుట అంత సులభము కాదు.

దూరమునుండి వచ్చిన ఉపాధ్యాయుఁడు దోషి కాఁడు. తల్లిదండ్రులొకచోట, బిడ్డల చదువింకొకచోట ఉన్నవానికి బదిలీ తరుణమున మనసు ఇంటివైపు లాగుట సహజము. కాని యతఁడు వెడలి మఱియొకఁడు వచ్చులోపల, వేటకు పోవు ఇంటి బిడ్డఁడు బడి మాని పడవ యెక్కును. వానికి జరిగిన నష్టమును తీర్చువారెవరు?

దీనికి మందు మన హైస్కూలులోనే యున్నది. చిన్నవారిని చేరఁదీసి ఓపికతో లెక్క చెప్పు బాలుఁడో బాలికయో ప్రతి బడిలోను కనఁబడుదురు. ఏఁటికి ఇద్దరినైన నెంచి, సాయంకాలము పఠనమందిరమున చిన్నతరగతులవారికి పాఠము చెప్పింపుఁడు. ఇది వింత కాదు. అమెరికాలో 1937లోనే అచ్చటి జాతీయ విద్యాసంఘము విద్యార్థులకై భావి ఉపాధ్యాయ సంఘములను స్థాపించినది. ప్రభుత్వముకొఱకు వేచియుండక 1910లో బందరున జాతీయ కళాశాలను నెలకొల్పిన కోపల్లె హనుమంతరావుగారు మనవారే కదా!

"ఊరివాఁడైనంత మాత్రమున గురువగునా?" అని కొందఱడుగుదురు. కాఁడు. ఇంటర్మీడియెట్ పిదప ప్రవేశపరీక్ష, రెండేండ్ల డిప్లొమా శిక్షణ, టెట్, డీఎస్సీ: ఈ మెట్లలో ఒక్కటియు తగ్గింపరాదు. 2025 డీఎస్సీ ప్రకటనలో 16,347 కొలువులుండినను, యోగ్యత లేనివానికి వానిలో నొక్కటియు లేదు. ఉత్తీర్ణుఁడైనను ఈ యూరనే పని దొరకునను పూఁచీయు లేదు. అయినను స్థలము కోరుకొను నాఁడు, ఇతరులు విడిచిన తీరపు బడిని మన బిడ్డ కోరి పుచ్చుకొనవచ్చును. మన యాశ యంతయు నిందే యున్నది. తుపాను హెచ్చరిక వచ్చినపుడు ఏ పిల్లవాని యిల్లు ఎచ్చటనున్నదో అట్టి గురువు ఎఱుఁగును.

కావున ఉత్సవములకు చందా వేయు చేతులు ఈ బిడ్డల రుసుమునకు, పుస్తకములకు, బస్సు చార్జీకిని కొంత తీయవలయును. ముచ్చలిక వ్రాయింపకుఁడు, నిర్బంధముచే నిలిచినవాఁడు మనసార బోధింపఁడు. రేపు హైస్కూలునకుఁ బోయి, మొదటి యిద్దరి పేర్లను ప్రధానోపాధ్యాయులవారి నడుగుఁడు.