నారు పోయడం సులువే, పేరు చెప్పడమే కష్టం



ఇంజనీరు చెట్ల గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. ఉద్యోగరీత్యా నేను ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో స్థిరపడ్డాను. జలుబు చేస్తే మనం వాసన చూసే నీలగిరి తైలం చెట్టు పుట్టిళ్లలో అదొకటి. మన దగ్గర కాగితం మిల్లుల కోసం వేసే జామాయిల్ కూడా ఆ కుటుంబమే. అదే కుటుంబంలోని మోరిస్బీ గమ్ మాత్రం అంతరించే దశలో ఉంది. అది సహజంగా పెరిగేది హోబార్ట్ నగర పరిసరాల్లో కొద్ది చోట్లే. కరువు, ఆకు తినే పురుగులు, పోసమ్ అనే జంతువులు కలిసి దాన్ని దెబ్బతీశాయి.

అనుమతితో సేకరించిన విత్తనంతో సెలవు రోజుల్లో నారు పెంచుతుంటాను. విత్తనం చాలా చిన్నది, పొట్టుతో కలిసి ఉంటుంది. తడి మట్టి మీద చల్లి, పైన పల్చగా ఇసుక జల్లాలి. నీళ్లు పైనుంచి పోస్తే విత్తనం కొట్టుకుపోతుంది. కింద పళ్లెంలో పోసి మట్టిని పీల్చుకోనివ్వాలి. రెండు మూడు వారాల్లో మొలకలొస్తాయి.

అసలు పరీక్ష ఆ తర్వాతే. ఆ ప్రాంతంలో వైట్ గమ్ అనే మామూలు జాతి ఉంది. తేనెటీగో పిట్టో దాని పుప్పొడి తెస్తే, తల్లి మోరిస్బీ అయినా బిడ్డ సంకరమే. పెద్ద చెట్లకు రెండింటికీ కోల ఆకులే, మొగ్గలూ మూడేసి. తేడా లేత మొక్కలో స్పష్టంగా తెలుస్తుంది. మోరిస్బీ లేత ఆకులు గుండ్రంగా, బూడిద పూసినట్టు, కాడ లేకుండా ఎదురెదురుగా ఉంటాయి. వైట్ గమ్ లేత ఆకులు సన్నగా, పచ్చగా ఉంటాయి. మధ్యరకంగా కనిపించిన మొక్కను పక్కన పెట్టేస్తాం. దాన్ని కొండ మీద నాటితే చెట్ల లెక్క పెరుగుతుంది గానీ జాతి కరిగిపోతుంది.

అందుకే ప్రతి కుండీకీ చీటీ కడతాం: ఏ చోటు, ఏ తల్లి చెట్టు, ఏ తేదీ. ఫ్యాక్టరీలో విడిభాగానికి బ్యాచ్ నంబరు వేసినట్టే. విత్తనం కూడా ఒక్క చెట్టుది సరిపోదు, వీలైనన్ని తల్లి చెట్లది కావాలి. జామాయిల్ క్లోన్ తోటలో చెట్లన్నీ ఒకే అచ్చు. కాగితానికి అది లాభం. జాతి బతకాలంటే మాత్రం తేడాలుండాలి. రేపటి కరువుకు ఏ మొక్క నిలుస్తుందో ముందే ఎవరు చెప్పగలరు?

పిల్లలూ, ఈ స్వర్ణోత్సవానికి మన బడిలో మీరు నాటే ప్రతి మొక్క పేరూ, దాని విత్తనం ఎక్కడిదో ఒక రిజిస్టరులో రాసిపెట్టండి. మరో 50 ఏళ్ల తర్వాత చదివేవారికి అదే ఆధారం.

సెలవు.