ఓడలలో వచ్చినవి

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా సంఘ పెద్దల కూటములో ఒక పాస్టరుగారు చేసిన ప్రసంగము)



మిరపకాయలు కళ్లాలలో ఆరబోసిన దినములివి. మీలో చాలామంది పొలము నుండి నేరుగా ఇక్కడికి వచ్చారని మీ దగ్గులే చెబుతున్నవి. తాలుకాయ ఏరి, టిక్కీలకు ఎత్తి, యార్డుకు తోలి, ఏమి ధర పలుకునో అని గుంటూరు వైపు చూడటము మన బ్రతుకు. ఈ కాయ మనదే అనుకుంటాము. గోంగూర పచ్చడిలో ఇది లేని కాలము ఒకటి ఉండేదంటే మన అమ్మలు నమ్మరు. అయితే కొలంబసు ఓడ ఎక్కిన నాటికి ఈ నేలమీద మిరపచెట్టు ఒక్కటి కూడా లేదు. మన పూర్వులు కారమునకు మిరియము వాడేవారు. దానిని పోలిన ఘాటు ఉన్నది గనుకనే మిరపకాయ అన్నారు. అది అమెరికా ఖండపు పంట. పదహారవ శతాబ్దములో పోర్చుగీసువారి ఓడలలో మన దేశము చేరినది.

ఈ మాట ఇప్పుడెందుకంటారా? క్రిందటి నెల ఉత్సవ కమిటీలో మన పెద్దలలో ఒకరు ముగింపు ప్రార్థన చేస్తూ, సువార్తను మోసికొని వచ్చిన ఓడల నిమిత్తము దేవునికి స్తోత్రము చెల్లించారు. అందరము ఆమేన్ అన్నాము. మెట్లు దిగుతూ ఉండగా కాలేజీ చదువుచున్న మన కుర్రవాడొకడు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, ఆ ఓడలలో ఇంకా ఏమేమి వచ్చినవో కూడా ఉత్సవములో చెబుతారా?" అని అడిగాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఈ సాయంత్రపు ప్రసంగము వానికి బాకీ ఉన్న జవాబు.

ఆ ఓడలు బయలుదేరినది ప్రధానముగా మిరియాల కొరకు, లవంగాల కొరకు, బంగారము కొరకు. ఇందులో దాచవలసినదేమీ లేదు. తూర్పు దేశపు సంబారములు అరబ్బుల చేతిలో నుండి వెనిసు వర్తకుల చేతిలోకి మారి ఐరోపా చేరేసరికి ధర ఎన్నో రెట్లు పెరిగేది. మధ్యవారు లేకుండా సముద్రము మీద దారి దొరికితే ఆ లాభమంతా తమదేనని స్పెయిను, పోర్చుగలు రాజులు లెక్క వేసుకున్నారు. 1498లో వాస్కో డ గామా మనుష్యుడు కాలికట్టులో దిగినప్పుడు, ఎందుకు వచ్చారని అడిగితే, క్రైస్తవుల కొరకూ సంబారముల కొరకూ అని చెప్పాడట. రెండూ ఒక్క ఊపిరిలోనే! నాలుగేండ్ల తరువాత 1502లో అదే గామా మక్కా నుండి తిరిగి వచ్చుచున్న యాత్రికుల ఓడను, స్త్రీలూ పిల్లలూ లోపల ఉండగానే, తగులబెట్టించాడు.

కొలంబసు సంగతి మీకు బడిలో చెప్పారు. 1492 అక్టోబరు 12న అతడు దిగినది బహామా దీవులలో. ఇండియాకే వచ్చాననుకొని అక్కడివారిని ఇండియనులన్నాడు. అంటే మన పేరు పెట్టి మరొకరి ఇల్లు దోచారు. ఆ దీవులలో టైనో అనే జనము ఉండేది. హిస్పానియోలా అనే దీవిలోనే వారు లక్షల సంఖ్యలో ఉండేవారు. బంగారము కొరకు గనులలో వెట్టిచాకిరి, ఆకలి, కత్తి, ఆపైన వారి శరీరములు ఎన్నడూ ఎరుగని మశూచి. అర్ధ శతాబ్దము తిరిగేసరికి ఆ దీవిలో లెక్కకు మిగిలినది కొన్ని వందలమంది అని ఆనాటి వ్రాతలే చెబుతున్నవి. వారి రక్తము నేటికీ ఆ దీవుల ప్రజలలో ఉన్నది గాని, ఆ రాజ్యములు పోయినవి.

దీనికి సంఘము ఏమి చేసినది? 1493లో పోపు ఆరవ అలెగ్జాండరు ఒక శాసనము ద్వారా ఆ క్రొత్త భూములను స్పెయిను రాజులకు ధారాదత్తము చేశాడు. మరుసటి ఏడు టోర్డెసిల్లాసు ఒడంబడికలో స్పెయినూ పోర్చుగలూ సముద్రము మీద గీత గీసి పంచుకున్నవి. నాబోతు ద్రాక్షతోట మీకు జ్ఞాపకమున్నదా? యెజెబెలు ఆ తోటను ఊరికే లాగుకొనలేదు, ముందుగా ఉపవాసదినము చాటించినది. భక్తి పేరుతో తాకీదులు వ్రాసి, రాజు ముద్ర వేసి, తరువాతనే రాళ్లతో కొట్టించినది. ఆ పాత శాసనముల వెనుకనున్న సిద్ధాంతమును రోమా సంఘము 2023లో బహిరంగముగా త్రోసిపుచ్చినది. ప్రొటెస్టంటు దేశముల ఓడలు వేరుగా ఏమీ నడువలేదు గనుక మనము వారిని చూచి వ్రేలు చూపనక్కరలేదు.

అయితే ఒక ఆదివారమును గూర్చి చెప్పకపోతే అన్యాయము. 1511 డిసెంబరులో, క్రిస్మసుకు ముందు ఆదివారమున, హిస్పానియోలాలో ఆంటోనియో డి మాంటెసినోసు అనే సన్యాసి ప్రసంగపీఠమెక్కాడు. ఎదుట కూర్చున్నవారు అధికారులూ, దొరలూ, తన బువ్వ పెట్టేవారూ. ఈ జనులు మనుష్యులు కారా అని వారిని నిలదీశాడు. వారు మారుమనస్సు పొందలేదు, రాజునకు ఫిర్యాదు చేశారు. కానుకలు ఇచ్చే పెద్దలను కోపపెట్టుట ఎంత కష్టమో ప్రసంగపీఠమెక్కే ప్రతివానికీ తెలుసు. ఆ దీవిలోనే బానిసచాకిరి చేయించుకొంటూ ఉన్న లాస్ కాసాసు అనే గురువు మూడేండ్లకు తన పనివారిని విడిచిపెట్టి, జీవితకాలము వారి పక్షమున పోరాడాడు. ఆయన కూడా మొదట వీరికి బదులు ఆఫ్రికావారిని తెమ్మని సలహా ఇచ్చి, తరువాత దానికై మిగుల పశ్చాత్తాపపడ్డాడు.

సరిగ్గా నూరేండ్లకు, 1611లో, గ్లోబు అనే ఇంగ్లీషు ఓడ మన తీరమున లంగరు వేసినది. ఎక్కడనుకున్నారు? మన నిజాంపట్నము. ఆనాడు దానిని పెటపోలి అనేవారు. అక్కడ డచ్చివారు 1606లోనే దిగియున్నారు. గోల్కొండ సుల్తాను అనుమతి పొంది అక్కడా, మచిలీపట్నములోనూ వర్తకశాలలు పెట్టారు. వారికి కావలసినది మన నూలుబట్ట. మన తీరపు ఇసుకనేలలలో దొరికే చిరివేరుతో ఎర్రరంగు అద్దిన బట్టకు తూర్పు దీవులలో గొప్ప గిరాకి. మనవారు టైనోలవలె నశించలేదు. ఇక్కడ బలమైన రాజ్యములున్నవి, కోట్ల జనమున్నది, ఆ రోగములు మన శరీరములకు క్రొత్తవి కావు. మొదట్లో మన నేతగానికి పని పెరిగినదన్నది కూడా నిజమే.

అయితే ఆ బట్ట ఎక్కడికి పోయినది? డచ్చివారు దానిని జాజికాయలు పండే బందా దీవులకు కూడా మోసి, మారుబేరము చేశారు. తమకు తప్ప ఇతరులకు అమ్మరాదన్న షరతును ఆ దీవులవారు పాటించలేదని 1621లో గవర్నరు కోయెను సైన్యముతో దిగాడు. సుమారు పదిహేను వేలమందిలో అక్కడ మిగిలినది వెయ్యిమంది. చంపబడినవారు, ఆకలికి చచ్చినవారు, బానిసలుగా బటావియాకు తరలింపబడినవారు పోగా మిగిలిన లెక్క అది. ఖాళీ అయిన తోటలకు బానిసలను తెచ్చారు. కరువు వచ్చినప్పుడల్లా కోరమాండలు తీరమున పులికాటు మొదలైన రేవులలో పిల్లలను అమ్ముకొన్న తల్లిదండ్రులున్నారు. వారిని కొని ఓడలకెక్కించినవారూ ఈ డచ్చివారే.

ఇక కుర్రవాని ప్రశ్న వెనుకనున్న అసలు ప్రశ్నకు వస్తాను. ఓడలు రాకపోతే మనకు సువార్త వచ్చేది కాదా? గామా రాకకు ఎన్నో శతాబ్దముల ముందే మలబారులో సురియాని క్రైస్తవులు ఉన్నారు. వారు ఎవరి తుపాకి చాటున రాలేదు. మన గుంటూరునకు 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చినప్పుడు, కంపెనీ కలెక్టరు స్టోక్సు దొర ఆదరించిన మాట నిజము. ఒంగోలులో క్లౌ దొర 1876–78 కరువులో బకింగ్‌హాము కాలువ పని కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి చూపించి ప్రాణము నిలిపినదీ నిజము. వారి సమాధుల యెదుట నేను తల వంచుతాను. అయితే వారి మంచితనమును ఓడల ఖాతాలో వ్రాయను.

ఇంతవరకు ఇతరుల కథ. మన ఇంటి కథ ఒకటున్నది. ఉప్పు ఎరుకలవారు గాడిదలమీద, ఎద్దులమీద మన తీరపు ఉప్పును మెట్ట ఊళ్లకు మోసి, ధాన్యము మార్చుకొని బ్రతికేవారు. కంపెనీ ఉప్పును తన గుత్తము చేసికొన్నది. తరువాత రైలు వచ్చినది. వారి జీవనోపాధి పోయినది. త్రోవన పోయేవారిని 1871 నాటి చట్టము పుట్టుకతో నేరస్థులన్నది. 1911లో దానిని మద్రాసు రాష్ట్రమునకు విస్తరింపజేశారు. బాపట్ల, చీరాల మధ్యనున్న స్టువర్టుపురము ఆ చట్టము క్రింద 1913లో వెలసిన సెటిల్‌మెంటు. హాజరు పిలుపు, బయటికి పోవాలంటే పాసు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసే అధికారము కూడా చట్టమిచ్చినది. దానిని నడిపినది సాల్వేషన్ ఆర్మీవారు. కావలిలో ఇటువంటిదే బాప్తిస్టు మిషనువారు నడిపారు. బడి పెట్టారు, వైద్యము చేశారు, ప్రేమించారు కూడా. తాళపుచెవి మాత్రము సర్కారు తరఫున వారి చేతిలో ఉన్నది. 1952లో ఆ చట్టము రద్దయినది. ఆ తరువాత స్టువర్టుపురమువారి మధ్య కూర్చున్నవారిలో జాషువాగారి కుమార్తె హేమలత, ఆమె భర్త లవణము ప్రముఖులు. ఇద్దరూ నాస్తికులు. ఈ మాట నేను సిగ్గుతోనే చెబుతున్నాను.

చట్టము రద్దయినది గాని మన చూపు రద్దు కాలేదు. నేను సేవకు క్రొత్తగా వచ్చిన దినములలో ఒక పల్లె సంఘములో కానుకల డబ్బు తక్కువైనది. ఎవరూ ఏమీ అనలేదు. అందరి కండ్లూ వెనుక చాపమీద కూర్చున్న ఎరుకల కుటుంబము వైపు తిరిగినవి. నేనూ చూచాను. మరునాడు పుస్తకము తిరిగి చూస్తే, కూడికలో తప్పు చేసినది నేనే. తరువాతి ఆదివారము వారు రాలేదు. వారి ఇంటికి వెళ్లాను. ఆ తల్లి నులకమంచము వాల్చి, "కూర్చోండి అయ్యగారూ" అని టీ ఇచ్చినది. క్షమించమని అడిగాను. "మాకు అలవాటే లెండి" అన్నది.

ఈ సంగతులన్నీ మొన్న ఆ పెద్దాయనతోనూ చెప్పాను. చాలాసేపు మాటలాడలేదు. తరువాత కాగితము తెమ్మన్నారు. హయ్యరునూ క్లౌనూ తలంచుకొన్న చోటనే టైనోలను, బందావారిని, స్టువర్టుపురమువారిని పేరు పెట్టి చేర్చి ఇద్దరము కలిసి స్తోత్ర ప్రార్థనను తిరిగి వ్రాశాము. ఆదివారము దానిని తామే చదువుతామన్నారు.