పాత లాంబ్రెట్టాను ఇంట బాగుచేసికొనుట

నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములలో పాత ఇటలీ మోటారుసైకిలును వెదకువారికి తరచుగా దొరకునది మోటారుసైకిలు కాదు, స్కూటరు. మిలాను నగరమున ఇన్నొసెంటీ కంపెనీ 1947లో లాంబ్రెట్టా తయారీ మొదలుపెట్టెను. 1950 దశకమున బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు దానిని మన దేశమునకు పరిచయము చేసిరి. ఇటలీలో ఉత్పత్తి ఆగిన పిమ్మట ఆ యంత్రసామగ్రి మన దేశమునకే తరలివచ్చెను. దానికై 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా సంస్థ ఏర్పడెను. మనవారెరిగిన విజయ్ సూపర్ ఆ యింటి బిడ్డయే. అచట స్కూటర్ల తయారీ 1997లో ముగిసెను.

ఇట్టి బండి నొకదానిని మేము నల్లగొండలో మా యింటి వసారాలోనే విప్పి, మరల కూర్చితిమి. వెస్పా దేహమంతయు మలచిన ఇనుపరేకు. లాంబ్రెట్టాకు ఉక్కు గొట్టమే వెన్నెముక, రేకులు దానికి బిగించినవి. కావుననే పానాలతో ఇంటియందు విడదీయుటకు వీలగును. చూడవచ్చినవారెల్లరు మొదట ఏ రంగు వేయింతురని అడిగిరి. మా దృష్టిలో రంగు చివరి పని. ముందు చూడవలసినవి ఊపిరి, చల్లదనము, చక్రములు.

ఊపిరి యనగా ఇంజనులోనికి పోవు గాలి. గొడ్లకొట్టములో ఏండ్ల తరబడి పడియున్న బండికి క్రాంకు కిరుప్రక్కల నుండు రబ్బరు సీళ్లు ఎండి బిరుసెక్కును. కిక్కు కొట్టగానే బండి పలికినను, ఆ సందులనుండి గాలి దూరి పెట్రోలు పాలు తగ్గును. పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనుకు రక్ష గనుక, పెట్రోలు తగ్గిన నూనెయు తగ్గును. వేడి హెచ్చి పిస్టను పట్టివేయును. మాకు తోడుపడిన ముసలి మెకానిక్కు, “ముందుగాల సప్పుడు ఇనుండ్రి సారూ” అనెడివాడు. చేయి వదలినను ఇంజను తనంతట పరుగెత్తుచున్న యెడల గాలి దూరుచున్నదని అతని లెక్క. ఈ చెవి కలవారు నేడు మన పట్టణములలో అరుదైపోవుచున్నారు. వారుండగనే ఆ పని నేర్చుకొనుట మేలు.

నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును, పాత రబ్బరును చెరచును. సీళ్లు, పెట్రోలు గొట్టము దానికి తాళునవి వేయవలెను. బండిని నెలల తరబడి నిలుపునపుడు ట్యాంకును, కార్బ్యురేటరును ఖాళీ చేయవలెను.

ఇక చల్లదనము. మాగ్నెటో మీది పంకా విసరు గాలిని సిలిండరుపైకి నడపుటకు రేకు కప్పులు కలవు. దొరకు బండ్లకు ఆ కప్పులు లేకుండుట కద్దు. మే నెల యెండలో రాతిగుట్టల నడుమ దేవరకొండ దారిన పోవువారికి అవి అలంకారములు కావు.

చక్రము విషయమున ప్రాణభయమే యున్నది. రిమ్ము రెండు పలకలు; వాటిని నట్లు కలిపియుంచును. చక్రమును బండినుండి తీయు నట్లు వేరు, పలకలను విడదీయు నట్లు వేరు. టైరులో గాలియుండగా రెండవవానిని విప్పినచో పలకలు తుపాకిగుండు వలె ఎగురును. పానా పట్టుకొనుటకు ముందే గాలి పూర్తిగా తీయవలెను.

భాగములు కొనునపుడును జాగ్రత్త కావలెను. లక్నో నాటి జీ.పీ. క్రాంకుకు మాగ్నెటో వైపు కొస లావు, పాత ఎల్.ఐ. చక్రము దానిపై కూర్చొనదు.

కాగితముల మాట. 2021 నాటి కేంద్ర నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటి, అసలు రూపము చెడని వాహనమును వింటేజిగా నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. కాని అట్టి బండిని నిత్యము నడుపరాదు. మాకు సంతకు పోవు బండి కావలెను గనుక, అయిదేండ్ల కొకసారి సాధారణ నమోదునే పొడిగించుకొనుచున్నాము. అయినను అసలు రేకులను, మీటరును మార్చలేదు.

తొలిపయనము నార్కటుపల్లి దారిన కొన్ని మైళ్లు చాలును. ఆగి, ఇంజను చల్లారిన పిదప ప్లగ్గు విప్పి చూడవలెను. కొస గోధుమవన్నె నున్న ముందుకు సాగవచ్చును. నల్లగా తడిసియున్న పెట్రోలు హెచ్చినది. తెల్లగా సున్నమువలె నున్నచో అచటినుండి బండిని ఇంటికి నడిపించుకొనియే రావలెను.